పావగడ సీమలో పాతచీరల చరిత్ర

కర్ణాటక రాష్ట్రపు ఏలుబడిలో నుండియు దాదాపు అన్ని దిక్కుల ఆంధ్రదేశపు పొలిమేరలచేతనే చుట్టబడియున్న పావగడ తాలూకాయందు, బడిలో కన్నడమును ఇంటిలో తెలుగును పలుకు మంగళవాడ వంటి పల్లెల పూర్వవృత్తాంతమును వ్రాయబూనినవారు సాధారణముగా నిడుగల్లు కొండకోటను, దానిని ఏలిన చోళులను, ఆపై పాళెగార్లను, మైసూరు ప్రభువులను వరుసగా పేర్కొని, ఉత్తరపినాకినీ తీరమున నాగలమడికెలో వెలసిన సుబ్రహ్మణ్యస్వామి కోవెలతో ముగింతురు. ఆ చరిత్ర సత్యమే, ఆదరణీయమే. కాని శాసనములు చెక్కబడిన ఆ కాలమునందును, నేటి కాలమునందును, నీళ్ళకడవ నెత్తిన బెట్టుకొని బావిగట్టెక్కు స్త్రీకి దగ్గు తెర వచ్చినప్పుడు తొడలమీదికి జారిన తడిని ఆమె ఏ గుడ్డతో అదిమినది, ఆ గుడ్డను ఏ వేళ ఉతికినది, ఏ మరుగున ఆరవేసినది అను సంగతిని ఏ శాసనమును చెప్పదు. దానినే గూర్చి వ్రాయుట నా తలంపు. ఇన్ని తరముల స్త్రీలు మోసిన బాధ ఒక్క పుటకైనను నోచుకొనకుండుట నాకు న్యాయముగా తోచలేదు.

కటియెముకల అడుగున పరచుకొనియున్న కండరముల పొర మూత్రాశయమును, గర్భాశయమును, మలాశయమును కూడ మోయుచుండును. కాన్పు కష్టమై చాలసేపు సాగినను, కాన్పులు వెంటవెంటనే వచ్చినను, కాన్పైన కొలది దినములకే బరువులెత్తవలసివచ్చినను, కట్టెలపొయ్యి పొగచేత దగ్గు దీర్ఘరోగమై నిలిచినను ఆ పొర సడలిపోవును. అప్పుడు దగ్గినను, తుమ్మినను, బిందె ఎత్తినను మూత్రము చుక్కలుగానో ధారగానో వెలువడును. పావగడ సీమలో ఈ హేతువులన్నియు ఒకచోట కూడినవి. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు లోపుగా వానపడు ఈ మెట్టనేలలో నీటిని దూరమునుండి మోసి తెచ్చుటయే ఆడుదాని మొదటి వృత్తి; వేరుసెనగ కలుపు తీయుట రెండవది. బావు లెండి గొట్టపుబావులు వచ్చినపిమ్మట లోతునుండి పైకి వచ్చిన నీటిలో ఫ్లోరైడు మితిమీరియుండుటచేత వెన్నును మోకాళ్ళును బిగిసి, వేగిరము లేవలేక, మరుగుదొడ్డివరకు నడిచిపోవు లోపలనే తడిసిపోవు ముదుసలులు స్త్రీలలోను పురుషులలోను కూడ ఏర్పడిరి. "దగ్గితే పడతాది", "ఒంటేలు ఆగదు", "గర్భసంచి జారింది" అను మాటలు ఆడువారి నడుమ నూతికాడ తగ్గుగొంతున వినవచ్చునుగాని మగవారి చెవిని పడవు. వైద్యుని చెవిని పడుట అంతకన్న అరుదు. అడిగిన చిన్నదానికి పెద్దదాని సమాధానము ఒక్కటే: "కాన్పులయినాక ఇంతేలేమ్మా."

ఇంతేలే అని ఊరకుండుట యనగా ఏమియు చేయకుండుట కాదు. ఎంత నేర్పుతో చేసిరో చెప్పవలెను. పూర్వము స్త్రీలు కట్టిన పదారు మూరల ముతకనూలు చీరకు లోపావడా లేదు. పొలము పనికి పోవునప్పుడు దానినే గోచిపోసి కట్టుదురు. ముందర దట్టముగా పోసిన కుచ్చెళ్ళును, వెనుకకు తీసి దోపిన గోచియు కలిసి కాళ్ళనడుమ నాలుగైదు పొరల నూలును నిలుపును. కొలదిపాటి తడి పైకి తెలియక అందే ఇంకిపోవును. అంతకు మించిన స్రావము గలవారు లోపల వేరొక గుడ్డను పెట్టుకొందురు. దానికి కొత్తగుడ్డ పనికిరాదు. మగ్గమునకు ఎక్కు నూలుకు సాలెవాడు గంజి పెట్టును. పత్తికి సహజముగా నుండు మైనము కూడ పోగును అంటియుండును. ఆ రెండును ఉతుకులలో వదలినగాని గుడ్డ నీరు పీల్చదు. కావున రెండుమూడేండ్లు కట్టి, బండమీద బాది, ఎండకు వెలిసి, మెత్తబడిన చీరయే శ్రేష్ఠము. దానిని కత్తెరతో కోయరు. అంచును పంటితో కొరికి, పోగు వెంట నిలువున చింపుదురు. గట్టినేతగల అంచు తొడలకు ఒరయును గనుక దానిని ముందే వేరుచేసి తాడుగా దాతురు. జానెడు వెడల్పున నాలుగు మడతలు వేసిన పొడవాటి గుడ్డ ముందు కొసను మొలత్రాటిలో దోపి, కాళ్ళనడుమగా తీసి, వెనుక కొసను కూడ మొలత్రాటిలోనే బిగింతురు. దూరపు చేనికి పోవునామె మరియొక మడతను రొండిన దోపుకొని పోవును. మధ్యాహ్నము కంపచెట్ల చాటున మార్చుకొని, తడిదానిని ఆకులో చుట్టి కొంగున ముడివేసికొని వచ్చును.

ఉతుకుటలోను ఒక క్రమము కలదు. మొదట చన్నీళ్ళలో జాడించి, తరువాత బూడిదనీళ్ళలోనో చౌడుమట్టి కలిపిన నీళ్ళలోనో నానవైచి, బండమీద బాది, మరల రెండు నీళ్ళలో తీయవలెను. మిగిలిన చీరలకు పెట్టు గంజి దీనికి ఎన్నడును పెట్టరాదు. క్షారజలమునకు మూత్రపు వాసనను, జిడ్డును వదలించు గుణము కలదు. శాస్త్రము చదువని స్త్రీలు తమ ముక్కుచేత, చేతివ్రేళ్ళచేత ఈ సంగతి గ్రహించిరి. పురుటి మైలగుడ్డలను ఉతుకుట చాకలి ఇంటి ఆడువారి వంతు. అందుకు వారికి కొలుచు ముట్టుచుండెను. అనుదినపు ఈ గుడ్డ మాత్రము ఏ కట్టుబడికిని చేరినది కాదు. చాకలికి వేయుటకు సిగ్గు, ఇంటనుంచుటకు మైల. అందుచేత కోడికూతకు ముందే లేచి తానే ఉతుకుకొని, మరియొక చీర అడుగున పరచి నీడపట్టున ఆరవేయుట ఆచారమైనది. నేర్పు అంతయు నీడపట్టుననే చెడినది. ఎండ తగులని గుడ్డ పూర్తిగా ఆరదు. ఆరని గుడ్డ తొడలసందున దురదను, పుండును పుట్టించును. ఆముదము రాచుకొని కలుపుతీతకు కూర్చుండిన స్త్రీ పడు మంటను ఊహింపుడు.

అదే ఇంటిలో, అదే చీరనుండి చింపిన పొత్తిగుడ్డలు పసిబిడ్డకు వాడి, వాకిటి తీగెమీద పదునైన ఎండలో వరుసగా ఆరవేయుదురు. వాటిని చూచినవారు బిడ్డ కుశలమా అని అడుగుదురు. బిడ్డ మూత్రమును అవ్వ మూత్రమును పీల్చిన నూలు ఒక్క మగ్గముదే. ఒకదానికి ఎండయు మరియొకదానికి నీడయు ఎవరు నిర్ణయించిరో గాని, ఆ నిర్ణయపు ఫలమును అనుభవించినది అవ్వ శరీరము.

రాత్రివేళకు బొంత. పాతచీరలను పొరలుపొరలుగా పరచి దారపుకుట్లతో కలిపికుట్టిన బొంతలు ఈ సీమలో ప్రతి ఇంటను ఉండును; వృద్ధుల పడకలో వాటిని నడుమునకు అడుగుగా మడిచి వేయుదురు. దాని క్రింద కంబళి. పొరుగున నున్న చళ్ళకెరె ప్రాంతమందు కురుబలు నేయు నల్లకంబళి, ఉన్నికి సహజముగా గల జిడ్డుచేత నీటిని వెంటనే లోనికి రానీయదు. లోనికి వచ్చినదానిని సైతము తన బరువులో ఇంచుమించు మూడవవంతు వరకు పోగులలోనే దాచుకొని పైకి చెమ్మగా తోపనీయదు. రబ్బరు గుడ్డలు రాకముందు పక్కను కాపాడినది గొఱ్ఱె ఉన్నియే.

బ్రాహ్మణ గృహములలో ఉన్ని ధావళి మడికి పనికివచ్చును. నూలుబట్ట మాత్రము తడిపి ఆరవేసినదే మడి; ఒక్క చుక్క తగిలినను మడి పోవును. తెల్లవారుజామున తలమీద నీళ్ళు పోసికొని వంటకు పూనుకొను వితంతువునకు మూత్రము ఆగనిచో, దగ్గిన ప్రతిసారి స్నానము, ప్రతిసారి తడిబట్ట. ఆమె ఆ మాట ఎవరికిని చెప్పజాలదు. చెప్పినచో వంటింటిలోనికే రానీయరు. అందుచేత చాలమంది నీళ్ళు త్రాగుటయే మానుకొనుచుండిరి. ఎండకాలపు పావగడలో నీళ్ళు త్రాగక వంటచేయుట ఎట్టి తపస్సో వేరుగ చెప్పనక్కరలేదు.

పురుషుల మాట క్లుప్తముగా చెప్పవచ్చును. వార్ధక్యమున ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము తెగక చుక్కచుక్కగా పడు ముసలివారికి గోచియు మొలత్రాడును పుట్టినప్పటినుండి ఉన్నవే. అందులో ఒక పేలిక అదనముగా పెట్టుకొనుట కష్టము కాదు. అరుగుమీద కూర్చుండి పదేపదే లేచిపోవు తాతను ఎవ్వరును తప్పుపట్టరు.

స్త్రీల ఈ చరిత్రకు అత్యంత సమీపముగా నిలిచినది మంత్రసాని వృత్తి, కన్నడమున సూలగిత్తి. ఆ వృత్తికి దేశమంతట పేరు తెచ్చిన సూలగిత్తి నరసమ్మ ఈ పావగడ తాలూకా కృష్ణాపురమువారే, 1920లో జన్మించిరి, మాతృభాష తెలుగు, బడి ఎరుగరు, పన్నెండవ ఏట వివాహమైనది. అవ్వయైన మరిగెమ్మ వద్ద ఈ విద్యను నేర్చి, 1940లో తమ బంధువునకు తొలిసారి కాన్పు చేసి, ఆ పిమ్మట డెబ్బది ఏండ్లకు పైగా ఎవరినుండియు ప్రతిఫలము పుచ్చుకొనక 15,000కు మించిన కాన్పులు చేసిరి. కడుపుమీద చేయి వైచి బిడ్డ తల ఎటునున్నదో చెప్పగలవారని ప్రసిద్ధి. వారు తామును పండ్రెండుమంది బిడ్డలను కని నలుగురిని పోగొట్టుకొనిరి. 2018లో పద్మశ్రీ లభించినది. ఆ ఏడే డిసెంబరు 25వ తేదీన పరమపదించిరి. ఇట్టి వారి చేతులలో ఎన్ని పల్లెల తల్లులు ప్రాణములతో బయటపడిరో తలంచినప్పుడు నాకు ఆ వృత్తిపట్ల భక్తియే కలుగును.

ఆ భక్తితోడనే ఒక సంగతి చెప్పవలసియున్నది. మంత్రసాని పని కాన్పుతో మొదలై పురుడు వెళ్ళుటతో ముగియును. నూనె మర్దనము, వేడినీళ్ళ స్నానము, పాతచీరతో పొట్టచుట్టు బిగించు నడికట్టు, వెల్లుల్లి కారము, నీళ్ళు తక్కువగానిచ్చు పథ్యము: ఇవి అన్నియు ఆ కొలది వారములవి. మూత్రము నిలువకపోవుట కొందరికి అప్పుడే కనబడి దానంతట తగ్గును. మరికొందరికి మరల కడవ ఎత్తినపిమ్మట, మూడవ కాన్పు తరువాత, ముట్టు నిలిచిన ఏట ప్రబలును. అప్పటికి మంత్రసాని వెళ్ళిపోయియుండును. కాన్పునకు మంత్రసాని కలదు, మైలకు చాకలి కలదు, దోషమునకు పూజారి కలడు; ఈ బాధకు మాత్రము ఊరిలో బాధ్యుడొక్కడును లేడు. పాతచీర ఒక్కటే దిక్కైనది.

కాన్పు దినములకొలది నిలిచిపోయినవారి గతి ఇంకను దారుణము. కటి ఎదుగని చిన్నవయసు తల్లికి బిడ్డతల అడ్డుపడి, మూత్రాశయమునకును యోనికిని నడుమనున్న పొరను ఎముకకు అదిమిపట్టగా, రక్తము అందక ఆ మాంసము చచ్చి రాలి రంధ్రమేర్పడును. అటుపై మూత్రము రేయింబవళ్ళు ఎడతెగక కారుచునే యుండును. నాలుగు మడతల గుడ్డ దానికి చాలదు. బాల్యవివాహములకును ఈ వ్యాధికిని గల సంబంధము స్పష్టము. మైసూరు సంస్థానము 1894లోనే శిశువివాహ నిషేధశాసనము చేసెను. ఆ దూరదృష్టి కొనియాడదగినదే. అయినను అది నిషేధించినది ఎనిమిదేండ్ల లోపు బాలికల వివాహమును, ఏబదేండ్లు దాటిన పురుషులకు పదునాలుగేండ్ల లోపు బాలికల నిచ్చుటను మాత్రమే. ఎనిమిదింటికి పైబడిన బాలికలకు ముసలివరులనుండి తప్ప ఆ శాసనమువలన ఊరట లేదు.

ఆ రంధ్రమును మూయు శస్త్రచికిత్స కనుగొనబడిన కథ వినుటకు కఠినమైనది. అమెరికాలో అలబామాయందు జేమ్స్ మేరియన్ సిమ్స్ అను వైద్యుడు 1840ల దశాబ్దమున బానిసస్త్రీలమీద, మత్తు లేకుండ, మరలమరల కోసి కుట్టి, తుదకు 1849లో వెండితీగె కుట్లతో కృతార్థుడయ్యెను. అనార్కా, బెట్సీ, లూసీ అను ముగ్గురి పేర్లు మనకు తెలియును. అనార్కా ఒక్కతెయే ముప్పది శస్త్రచికిత్సలను భరించినది. ఆ స్త్రీల దేహములనుండి వచ్చిన విద్యయే సముద్రములు దాటి మన దేశమునకు చేరినది. గుంటూరులో డాక్టరు అన్నా కూగ్లరు 1898లో తెరచిన ఆసుపత్రియు, వేలూరులో ఐడా స్కడ్డరు 1918లో స్త్రీలకై స్థాపించిన వైద్యపాఠశాలయు, బెంగుళూరులో 1935లో వెలసిన వాణీవిలాస ఆసుపత్రియు స్త్రీ వైద్యులయెదుట నోరువిప్పు అవకాశమును దక్షిణదేశపు స్త్రీలకు కలిగించినవి. మైసూరు ప్రభుత్వము 1930లో సర్కారు ఆసుపత్రులలో సంతాననియంత్రణ కేంద్రములను తెరచుట ప్రపంచమునందే మొదటి యత్నములలో నొకటి. కాన్పుల ఎడము పెరుగుటయే కటికండరములకు తొలి విశ్రాంతి గనుక ఆ యత్నమునకు ఈ చరిత్రలోను స్థానము కలదు.

మన ప్రాచీన వైద్యమును మరువరాదు. చరకుడు స్త్రీరోగములను ఇరువదింటిని లెక్కించెను. జారిన యోనికి నేయి పూసి, పాలతో స్వేదనము చేసి, లోనికి నెట్టి, కట్టు కట్టవలెనని సుశ్రుతుడు విధించెను. హఠయోగ గ్రంథములలోని మూలబంధము ఏ కండరములను బిగించునో ఆ కండరములనే బిగించి వదలు సాధనను 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కేగెల్ మూత్రస్రావమునకు చికిత్సగా ప్రకటించెను. కాని యోగము మగ సాధకులకడ నిలిచినది, శాస్త్రము తాళపత్రములందు నిలిచినది. కడవ మోయు స్త్రీకి ఈ రెండింటిలో ఏదియు చేరలేదు.

ఇక గుడ్డ కథలో పెద్దమలుపు 1960, 70ల దశాబ్దములందు వచ్చినది. నైలాను, టెరిలీను చీరలు సంతలకు వచ్చినవి. తేలిక, త్వరగా ఆరును, చినుగవు, రంగు పోదు. నూలుచీర బరువుతో విసిగిన స్త్రీలు వాటిని సంతోషముగా స్వీకరించుట సహజము. ఐతే ఆ చీర నీటిని పీల్చదు. లోపావడా కూడ సింథటిక్ దే ఐనచో తడి కాలివెంబడి నేరుగా మడమలకు దిగును. అంతకన్న ముఖ్యముగా, పాతబడినపిమ్మట దానినుండి చింపుటకు మెత్తనిగుడ్డ రాదు. మిగిలిన నూలుచీరలును స్టీలుగిన్నెలవాని మూటలోనికి పోయినవి. వై.ఎన్. హొసకోటలో మగ్గములు పట్టుచీరలు నేయుచునేయున్నవి, కాని పట్టు ఈ పనికి పుట్టినది కాదు. తరువాత వచ్చిన నైటీలు కుచ్చెళ్ళ పొరలను కూడ తీసివేసినవి. ఒక తరములోనే పదారు మూరల రక్షణ పోయినది. రోగము మాత్రము నిలిచినది.

మందులషాపులలో దొరకు పట్టీల పుట్టుక వేరు. మొదటి ప్రపంచయుద్ధమున గాయములకు వాడిన కఱ్ఱగుజ్జు దూది మిగిలిపోగా, దానితో 1920లో అమెరికాలో ముట్టు పట్టీలు వచ్చినవి. పెద్దల మూత్రస్రావమునకై వేరుగా చేసిన డిపెండ్ వంటివి 1984లో వెలువడినవి. నీటిని ముద్దగా బిగించు పాలిమరు పొడి వాటిని పలుచన చేసినది. పల్లెలలో చాలమంది ముట్టుపట్టీనే దీనికిని వాడుదురు. అది నెమ్మదిగా దిగు రక్తమునకు కల్పించినది. ఒక్క దగ్గుతో వచ్చు ధారను పట్టలేక ప్రక్కలకు వదలును. 2018 జూలైలో ముట్టుపట్టీలమీద జీఎస్టీ తొలగినది. పెద్దల డైపర్లకు ఆ మినహాయింపు రాలేదు. దినమునకు రెండుమూడు కొనుట కూలిబ్రతుకులకు అలవికాదు గనుక, తెలివిగల గృహిణులు మరల నూలుకే మరలుచున్నారు: ముదురురంగు పూలచీర, నూలు లోపావడా, లోన నూలు డ్రాయరు, అందులో బనియను గుడ్డయు పాత తువాలును పొరలుగా కుట్టి అడుగున పలుచని రెగ్జిను వేసిన మెత్త. పొడవైన టాపు వేసికొను చిన్నవారికి ఇదియే సరిపోవుచున్నది.

గర్భసంచిని తీసివేయుటయే దీనికి మందని నమ్మి చిన్నవయసుననే ఆ శస్త్రచికిత్సకు పోవుట మన సీమలలో పెరిగినది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశములో నూటికి సుమారు 9 మంది, తెలంగాణములో సుమారు 8 మంది అని తేలినది. గర్భసంచి పోయినంతమాత్రమున మూత్రము నిలుచునను హామీ లేదు. నీళ్ళు మానుటయు మందు కాదు. చిక్కబడిన మూత్రము మూత్రాశయమును మరింత రేపును, చీము పట్టించును.

నేడు మంగళవాడనుండి బస్సెక్కినచో పోదగిన ఆసుపత్రులు కలవు. కళ్యాణదుర్గములోను బత్తలపల్లిలోను రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రులున్నవి. పుట్టపర్తియందు 1991లో స్థాపితమైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో మూత్రవ్యాధుల చికిత్స ఉచితము. జారిన గర్భసంచికి రబ్బరు కడియము పెట్టుట నిమిషములలో నగు పని. అవసరమైనచో కుట్టును వేయుదురు. సామాన్యమైన దగ్గుతడికి మొదటి చికిత్స ఆ కండరముల సాధనయే: మూత్రము ఆపినట్లుగా లోనికి బిగించి, పదిలెక్కపెట్టునంతవరకు నిలిపి, వదలవలెను; ఇట్లు వరుసగా పలుమారులు, దినమునకు మూడుసార్లు, కనీసము మూడు నెలలు. మొదటివారము మూడు నాలుగు లెక్కలకే కండరము జారిపోవును, దానికి వెరవనక్కరలేదు. ఆ మూడు నెలలును గుడ్డ మానుటకు వీలుండదు గనుక, మెత్తని నూలుమడతలు ఆరేడు చేసికొని, తడిసిన వెంటనే మార్చుకొనుచు, ఉతికినవానిని పసిబిడ్డ పొత్తిగుడ్డల ప్రక్కనే ఎండతీగెమీద ఆరవేసికొనవలెను.